బియ్యం సంచిలో ఆకుకూర, వంటింటి తొక్కలతో ఎరువు: పెద్దగా ఏమీ కొనకుండా ఎలా మొదలుపెట్టాలి

డాబా మీద కోసిన తోటకూర ఓ కట్ట కింది వాటా వాళ్ళకి ఇచ్చిన రోజు నుంచీ నాకు ఎదురయ్యే ప్రశ్నలు మూడే. ఎరువు కంపు కొట్టదా? మేం విత్తనాలు వేస్తే మొలవట్లేదు, ఎందుకు? అసలు ఎంత ఖర్చయింది?

మూడోదానికి ముందు చెప్పేస్తాను. ఖాళీ బియ్యం సంచులు, పాత పెయింటు బకెట్టు, దబ్బనం ఇంట్లో ఉన్నవే. కొన్నది కాస్త ఎర్రమట్టి, ఓ పొట్లం గోంగూర విత్తనాలు. అంతే. మొదటి రోజే సిరామిక్ కుండీలు, స్టాండ్లు, కొబ్బరి పొట్టు ఇటుకలు, పది రకాల విత్తనాల డబ్బా తెప్పించుకున్నవాళ్ళని చూశాను. ఎండాకాలం వచ్చేసరికి కుండీల్లో బట్టల క్లిప్పులు ఉంటున్నాయి. పొదుపు కోసం మొదలుపెట్టే పని ఖర్చుతో మొదలవకూడదు. ముందు వంటింట్లో పారేసేది తగ్గించండి, మిగిలింది ఎరువు చేయండి, ఆ ఎరువు తయారయ్యాకే విత్తనం గురించి ఆలోచించండి. ఈ వరస తిరగేస్తేనే చిక్కులన్నీ.

కావలసినవి

- మూత ఉన్న 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు. బాగా కడిగి, ఎండబెట్టి ఉండాలి.
- ఖాళీ బియ్యం సంచులు మూడో నాలుగో. (2022 జులైలో 25 కిలోల దాకా ఉండే ప్యాకెట్ల బియ్యానికి జీఎస్టీ పెట్టాక 26 కిలోల సంచులు వచ్చాయి చూడండి, అవైనా సరే. తోటకి ఆ కిలో పట్టింపు లేదు.)
- ఎండుటాకులు ఒక గోతాం నిండా. దొరక్కపోతే వరి ఊక, రంపపు పొట్టు, చింపిన న్యూస్ పేపరు.
- ఎర్రమట్టి, కాస్త ఇసుక.
- పుల్ల మజ్జిగ ఒక గ్లాసు, చిన్న బెల్లం ముక్క.
- దబ్బనం లేదా లావు మేకు, పాత దోమతెర ముక్క, నాలుగు ఇటుకలు.

సిమెంటు సంచి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. లోపలి సిమెంటు పొడి మట్టిని పాడు చేస్తుంది కాబట్టి తిరగేసి మూడు నాలుగు సార్లు కడిగితేనే వాడండి. పురుగుమందు వచ్చిన సంచి, డబ్బా మాత్రం ఎంత కడిగినా వద్దు.

1. తొక్కని ముందు తినండి

ఎరువు బకెట్టు పెట్టగానే అన్నీ అందులో పడేయడం అలవాటైపోతుంది. బీరకాయ తొక్కు, ఆనపకాయ తొక్కు, పచ్చి అరటికాయ తొక్క, పుచ్చకాయలో ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉండే తెల్లటి కండ, కాలీఫ్లవర్ కాడలు, కొత్తిమీర కాడలు... ఇవి ఎరువు కాదు, కూర. కొత్తిమీర కాడలు చారులోకి, కాలీఫ్లవర్ కాడలు సన్నగా తరిగి పప్పులోకి, పుచ్చకాయ తెల్ల కండ ఆనపకాయలాగే పులుసులోకి వెళ్ళిపోతాయి.

బీరపొట్టు పచ్చడి మాత్రం వివరంగా చెప్పాలి. చేదొచ్చింది, పీచు నోటికి తగిలింది అని చెప్పేవాళ్ళే ఎక్కువ.

అరకిలో లేత బీరకాయలు తీసుకుని, చెక్కకముందే మూడు సార్లు కడగండి. కణుపుల మీది గట్టి అంచులు పల్చగా చెక్కి పక్కన పెట్టండి, అవి బకెట్టుకి. తర్వాత వచ్చే పొట్టే పచ్చడికి. ఇప్పుడు తప్పకుండా చేయాల్సిన పని: ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఆ కాయ మొత్తం, కండతో సహా, పారేయండి. బీర, ఆనప, దోస జాతి కాయల్లో గట్టి చేదు అంటే విషపదార్థం ఉన్నట్టే. ఉడికించినా పోదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. ఇక్కడ పొదుపు చూసుకోకండి.

బాణలిలో రెండు చెంచాల నూనె వేసి చెంచాడు సెనగపప్పు, చెంచాడు మినప్పప్పు, అర చెంచా జీలకర్ర, ఐదారు ఎండుమిరపకాయలు వేయించి తీయండి. అదే బాణలిలో పొట్టు వేసి సన్నని సెగ మీద, పచ్చివాసన పోయి దగ్గర పడేదాకా పది నిమిషాలు మగ్గనివ్వండి. మూత పెడితే నీరు ఊరి ఉడికిపోతుంది, వేగదు. అందుకే మూత వద్దు. చిన్న ఉసిరికాయంత చింతపండు, ఉప్పు చేర్చి, ముందు పప్పులూ మిరపకాయలూ నూరి, ఆ తర్వాత పొట్టు వేసి కచ్చాపచ్చాగా నూరండి. ఇంగువ పోపు పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది.

కాయ ముదురో లేతో తెలియాలంటే గోరు గుచ్చండి. సులువుగా దిగితే పొట్టు పచ్చడికి పనికొస్తుంది. దిగకపోతే ఎంత నూరినా పీచే.

2. బకెట్టుకి గాలి ఆడనివ్వండి

మొదటిసారి నేను బెజ్జాలు పెట్టకుండా, మూత గట్టిగా బిగించి పెట్టాను. వారానికి తీస్తే మురుక్కాలువ వాసన. ఇంటి ఓనరు గారు పైకొచ్చి ఏదో చచ్చిందని ట్యాంకు వెనక వెతికారు. తప్పంతా గాలి లేకపోవడమే.

బకెట్టు చుట్టూ, అడుగున, మూతకీ కలిపి పాతిక ముప్ఫై బెజ్జాలు పెట్టండి. మేకు కాల్చి గుచ్చితే సులువు, కానీ ప్లాస్టిక్ పొగ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. మూత బెజ్జాలకి దోమతెర ముక్క అంటించండి. రెండు ఇటుకల మీద నిలబెట్టి, అడుగున పాత పళ్ళెం ఉంచండి. వాన పడని చోట, నీడన ఉండాలి.

3. పొరలు వేయండి

అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు. గ్లాసుడు పుల్ల మజ్జిగలో బెల్లం ముక్క కరిగించి చిలకరించండి. తర్వాత ప్రతిరోజూ కొలత ఒకటే: దోసెడు తొక్కలకి రెండు దోసెళ్ళ ఎండుటాకులు. పైన ఎప్పుడూ ఎండుటాకే కనిపించాలి, తొక్క కనిపించకూడదు. తొక్కల్ని రెండంగుళాల ముక్కలకి మించకుండా తుంచి వేయండి. అరటి తొక్క నిండుగా వేస్తే నెల దాకా అలాగే జిగటగా ఉంటుంది.

వేయొచ్చు: కూరగాయల తొక్కలు, ఉల్లి పొట్టు, పాలూ చక్కెరా పోయేలా కడిగిన టీ పొడి, దారం తీసేసిన పూజ పువ్వులు, నలిపిన గుడ్డు పెంకులు. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగా.

వేయకూడదు: చేపలు, మాంసం, పాలు, నూనె కూరలు, పచ్చళ్ళ అడుగులు. పచ్చళ్ళలో ఉండే ఉప్పు మొక్కకి పడదు. మిగిలిన అన్నం కూడా వద్దు. దాన్ని రాత్రే మజ్జిగ పోసి పొద్దున చద్దన్నంగా తినండి, ఎండలు ముదిరాక అయితే వడియాలు పెట్టండి.

నాలుగైదు రోజులకోసారి పాత గరిటెతో అడుగు నుంచి తిరగేయండి. బకెట్టు నిండాక కొత్తగా ఏమీ వేయకుండా పక్కన పెట్టి, రెండోది మొదలుపెట్టండి. నిండిన దగ్గర్నుంచి వేసవిలో దాదాపు నెలన్నర, చలికాలంలో రెండు నెలలో అంతకన్నా ఎక్కువో పడుతుంది.

4. వాసన, పురుగులు, చీమలు

తడి సరిగ్గా ఉందో లేదో గుప్పెడు తీసుకుని పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు వస్తే చక్కగా ఉన్నట్టు. ధారగా కారితే తడి ఎక్కువ. పొడిపొడిగా రాలిపోతే తక్కువ, మజ్జిగ నీళ్ళు చిలకరించండి.

- కుళ్ళిన గుడ్డు వాసన: గాలి లేదు, తడి ఎక్కువ. మొత్తం కింద పోసి, ఎండుటాకు బాగా కలిపి మళ్ళీ నింపండి. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.
- ముక్కు మండే ఘాటు: పచ్చి సరుకు ఎక్కువ. ఊక, పేపరు ముక్కలు కలపండి.
- బూడిదరంగు లావుపాటి పురుగులు: అందరూ ఫోన్ చేసేది ఇక్కడే. ఇవి కందిరీగలా కనిపించే ఒక నల్లటి ఈగ పిల్లలు. కుట్టవు, మొక్కల్ని తినవు, తొక్కల్ని మనకన్నా వేగంగా ఖాళీ చేస్తాయి. చూడటానికి బాగుండదు, అంతే. తడి తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి. కిరోసిన్ పోయకండి, ఎరువు మొత్తం పోతుంది.
- తెల్ల బూజు: మంచిదే, వదిలేయండి.
- చీమలు: బాగా ఎండిపోయింది. తడి చేయండి.

తయారైందా? సరుకు సగానికి పైగా దిగిపోయి, నల్లగా, పొడిపొడిగా ఉండి, తొలకరి వానకి తడిసిన నేల వాసన రావాలి. నమ్మకం కుదరకపోతే గుప్పెడు తడి ఎరువు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పితే దుర్వాసన వస్తే ఇంకా కాలేదు. నేను ఇంకో పరీక్ష కూడా చేస్తాను. రెండు టీ కప్పులు: ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో సగం మట్టి సగం ఎరువు. రెండింట్లో పదేసి మెంతులు. ఐదారు రోజులకి ఎరువు కప్పులో మొలకలు బాగా తక్కువగా ఉన్నా, పసుపుపచ్చగా ఉన్నా ఇంకో రెండు వారాలు ఆగండి. పచ్చి ఎరువు వేయడం వల్ల చచ్చిన మొక్కలే ఎక్కువ.

5. సంచిని కుండీ చేయండి

సంచి అడుగు మూలలు రెండూ లోపలికి నొక్కితే కుదురుగా నిలబడుతుంది. పైఅంచు బయటికి రెండు మూడు మడతలు వేసి, ఎత్తు పన్నెండు అంగుళాలకి తేండి. అడుగున, అడుగుకి అంగుళం పైన పక్కల్లోనూ దబ్బనంతో పన్నెండు బెజ్జాలు పొడవండి. లోపల అడుగున కొబ్బరి పీచు పరిస్తే మట్టి కారదు.

ఆకుకూరలకి ఎనిమిది తొమ్మిది అంగుళాల మట్టి చాలు. నిండా నింపకండి. తడి మట్టి చాలా బరువు, పైగా డాబా మనది కాకపోవచ్చు. సంచుల్ని స్లాబు మధ్యలో కాకుండా పిట్టగోడ వెంబడి, ఇటుకల మీద పెట్టండి. కింద గాలి ఆడితే స్లాబు చెమ్మగిల్లదు, ఓనరుతో మాట పడక్కర్లేదు.

ఈ సంచుల ఆయుష్షు తక్కువ. పడమటి ఎండ తగిలే చోట ఒక వేసవికే దారాలు పొడిగా రాలిపోతాయి. నెలకోసారి అంచు గిల్లి చూడండి. పొడి రాలిందంటే పగిలేదాకా ఆగకుండా సంచితో సహా ఎత్తి ఇంకో సంచిలో పెట్టేయండి. ఆ ప్లాస్టిక్ పీలికలు మట్టిలో కలిస్తే ఏరలేం.

6. మట్టి కలపండి

ఏదో ఒక డబ్బా కొలత పెట్టుకోండి. ఎర్రమట్టి రెండు, ఎరువు ఒకటి, ఇసుక లేదా ఊక ఒకటి. మీది నల్లరేగడి అయితే ఇసుక, ఊక కలిపి రెండు వేయండి, లేకపోతే వానకి బంక, ఎండకి రాయి. సముద్రపు ఇసుక, ఇల్లు కడుతున్న చోట సిమెంటు పెళ్ళలు కలిసిన మట్టి వద్దు. మీ ఎరువు ఇంకా కాకపోతే బాగా చివికిన పశువుల ఎరువు అదే కొలత. పచ్చి పేడ వద్దు, వేరు మాడుతుంది, వేరుపురుగు పడుతుంది.

చెంబుడు నీళ్ళు పోయండి. రెండు మూడు నిమిషాల్లో ఇంకి, కింద చుక్కలు పడాలి. పైనే నిలిచిపోతే విత్తనం వేయకండి. కుమ్మరించి ఇంకాస్త ఊక కలపండి.

7. విత్తనం: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

తోటకూర. ఆవగింజకన్నా చిన్న గింజ. లోతుగా కప్పేయడం వల్లే మొలవదు. చెంచాడు విత్తనానికి గుప్పెడు పొడి ఇసుక కలిపి పైన పల్చగా చల్లి, పైన ఎరువు పొడి పొగలా దులపండి, అంతకు మించి వద్దు. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకి చేరతాయి. చేత్తో చిలకరించండి. నాలుగైదు రోజులకి మొలుస్తుంది, పాతిక ముప్ఫై రోజులకి కూర. ఒత్తుగా వస్తే మధ్యమధ్యలో పీకేయండి. ఆ పీకిన లేత మొక్కలు పప్పులోకి మహా రుచి.

మెంతికూర. పోపుల డబ్బాలో మెంతులే విత్తనాలు. రాత్రి నానబెట్టి పొద్దున ఒత్తుగా చల్లి, పల్చగా కప్పండి. మూడు నాలుగు రోజులకి మొలక, మూడు వారాలకి కూర. ఎప్పుడూ తోటపని చేయనివాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి.

కొత్తిమీర. ఇది ఓపికకి పరీక్ష. ధనియం గుండుగా ఉన్నా లోపల రెండు గింజలుంటాయి. అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించి రెండుగా విడదీయండి, పిండి చేయకండి. ఒక రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతులో వేయండి. మొలక రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు, ఒక్కోసారి ఇంకాస్త. ఆరో రోజు తవ్వి చూసేవాళ్ళే 'మాకు రాలేదు' అంటారు. వంటకి తెచ్చిన ధనియాలు పాతబడినవైతే మొలవవు. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న కొత్త ధనియాలు ఏరుకోండి.

గోంగూర. అర అంగుళం లోతు, సంచికి నాలుగైదు మొక్కలు చాలు. జానెడు దాటాక తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఎండకి ఓర్చుకుంటుంది, నెలల తరబడి కోసుకోవచ్చు. డబ్బు పెట్టి విత్తనం కొనాల్సింది దీనికే అని నా లెక్క.

బచ్చలి, పుదీనా. విత్తనమే అక్కర్లేదు. రైతుబజారులో కొన్న కట్టలో లావు కాడ ఏరి, అడుగు ఆకులు తీసేసి, బచ్చలిని రెండు కణుపులు మట్టిలోకి దిగేలా గుచ్చండి. పుదీనాని వారం రోజులు గ్లాసు నీళ్ళలో ఉంచి, వేరొచ్చాక నాటండి.

చీమలు గింజలు మోసుకుపోతుంటే సంచి చుట్టూ కాసిని నూకలు చల్లండి. అవి నూకల పని చూసుకునేలోపు మన గింజ మొలుస్తుంది.

కాలం చూసుకోండి. మెంతి, పాలకూర, కొత్తిమీరకి అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచిది. తోటకూర, గోంగూర, బచ్చలి ఎండాకాలమూ వస్తాయి. మా విజయవాడ ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ లేకుండా కొత్తిమీర పెట్టడం అంటే ధనియాలు పారబోసినట్టే. నెట్ కొనక్కర్లేదు, పాత నూలు చీర పల్చటిది ఒకటి దండెం మీద కట్టినా సరిపోతుంది. గట్టి వాన పడేటప్పుడు కూడా అదే చీర లేత మొలకల్ని కాపాడుతుంది.

8. నీళ్ళు

బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు ఆ పూటే పోసేయండి, నిల్వ ఉంచితే పులిసి దోమలు చేరతాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు మొక్కలకి పనికొస్తాయి. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు. బోరు నీళ్ళలోని ఉప్పంతా వాటిలోకే చేరుతుంది కాబట్టి వాటితో గచ్చు కడగండి. మట్టి మీద తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు చేరినట్టే. పైపొర గీకేసి, రెండు మూడు సార్లు మంచినీళ్ళు నిండా పోసి కిందికి దింపండి. ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళు ఎప్పుడూ పోయకండి.

రోజూ పోయాలని లేదు. వేలు మొదటి కణుపు దాకా గుచ్చండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. ఎండాకాలం రెండు పూటలా పోయాల్సి రావొచ్చు.

9. పురుగు పడితే

ఆకు అడుగు చూడండి, పైన ఎప్పుడూ ఏమీ కనిపించదు. పేనుబంక (గుంపుగా పట్టి ఆకు రసం పీల్చే చిన్న పురుగులు) అయితే ముందు గట్టిగా నీళ్ళు కొట్టండి, సగం అక్కడే పోతుంది. తగ్గకపోతే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, చెంచాడు కుంకుడు రసం బాగా గిలకొట్టి సాయంత్రం పిచికారీ చేయండి. కుంకుడు రసం లేకపోతే నూనె పైన తేలి ఆకు మాడుతుంది. ముందు రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు చూసుకోండి. కొట్టిన వారం దాకా కోయకండి, కోశాక బాగా కడగండి. తోటకూర ఆకు అడుగున తెల్లటి బుడిపెలు కనిపిస్తే అది తెగులు. ఆ ఆకులు తుంచి చెత్తలో వేయండి, ఎరువు బకెట్టులో కాదు.

10. కోత, మళ్ళీ విత్తనం

తోటకూర పీకకండి. అడుగున మూడు నాలుగు ఆకులు వదిలి పైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, రెండు మూడు కోతలు వస్తాయి. ప్రతి కోత తర్వాత రెండు గుప్పెళ్ళ ఎరువు పైన చల్లి నీళ్ళు పెట్టండి. ఎంత వస్తుందని అడిగేవాళ్ళకి: నాలుగు సంచులు నలుగురున్న ఇంటికి వారానికి ఒకటి రెండు పూటలు ఆకుకూర ఇస్తాయి. కూరగాయల ఖర్చు మొత్తం పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆఖరి కోతప్పుడు బలంగా ఉన్న ఒక్క మొక్కని వదిలేయండి. కంకి వేసి, అది ఎండుతుండగా పళ్ళెంలో దులిపితే నల్లటి మెరిసే గింజలు రాలతాయి. ఊదేస్తే పొట్టు పోతుంది. రెండు రోజులు నీడన ఆరబెట్టి, పొడి సీసాలో కాస్త బూడిద కలిపి, నెల పేరు రాసి దాచండి.

మళ్ళీ వేసే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి నాలుగైదు రోజులు ఉంచండి, గుడ్డ ఆరనివ్వకండి. ఏడెనిమిది మొలిస్తే మామూలుగా చల్లండి. నాలుగైదే మొలిస్తే రెట్టింపు చల్లండి. ఒకటి రెండే మొలిస్తే ఆ సీసా పిట్టగోడ మీద పిచ్చుకలకి పోసి, కింది వాటా వాళ్ళని ఓ చెంచాడు అడగండి. కిందటిసారి మీరిచ్చిన కట్ట బదులు.